దారి బాధ్యత మీది, చూపు వాళ్లది

"అమ్మనో నాయిననో ఒక్కసారన్నా విమానం ఎక్కించాలి, బయటి దేశం చూపించాలి" అన్న కోరిక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ఇళ్లకు ఇప్పుడు కొత్త కాదు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం దొరికి, ఇంటి అప్పులు తీరి, చేతిలో నాలుగు రూపాయలు మిగిలిన పిల్లలు ముందుగా అనుకునే పనుల్లో ఇదొకటి. కోరిక గొప్పది. చిక్కల్లా దాన్ని నెరవేర్చే తీరులో ఉంది. 'చూపించాలి' అనుకోగానే ఇద్దరి స్థానాలూ ఖాయమైపోతాయి. టికెట్టు కొన్నవాళ్లే ఊరిని ఎంచుకుంటారు, రోజుకు ఎన్ని చోట్లు తిరగాలో తేల్చేస్తారు, ఎక్కడ ఎంతసేపు నిలబడాలో చెబుతారు. కన్నవాళ్లు వెనక నడుస్తారు, ఫొటోకు నిలబడమన్నచోట నిలబడతారు. మూడో రోజుకు "మీరు పోయి రండి బిడ్డా, నేను ఈడనే కూసుంట" అన్న మాట వస్తుంది. దాన్ని వయసు మీదికో మోకాళ్ల మీదికో నెట్టేసి పిల్లలు బయల్దేరతారు. ఆ మాటకు అసలు కారణం చాలాసార్లు వేరే ఉంటుంది: ఆ ప్రయాణంలో తమకంటూ చేయడానికి పనేమీ లేదని పెద్దలకు అర్థమైపోయింది. ఈ అధ్యాయం చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రయాణపు ఏర్పాట్లన్నీ మీరు మోయండి. ఊరిని చూసి, పోల్చి, ఇదేమిటో తేల్చే పనిలో మాత్రం అమ్మానాన్నలకు పెద్దపీట వేయండి. ఆ ఊరిని ఎంచుకునేటప్పుడే, వాళ్లకు తెలిసిన విద్య అక్కడ అక్కరకొస్తుందా అని చూడండి.

వాళ్లకు తెలిసినదేమిటి?

"వాళ్లు ఊరు దాటి ఎరగరు, చదువు లేదు, చరిత్ర వాళ్లకేం అర్థమవుతుంది" అన్న అపోహను ముందు పక్కన పెట్టాలి. పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) విషయంలో ఇది ఎంతమాత్రం నిజం కాదు. ఈ జిల్లాల మనుషులు మేస్త్రీల వెంట గుంపులు గుంపులుగా దశాబ్దాల పాటు దేశమంతా తిరిగారు. ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు, ముంబై, పుణేల్లో మేడలు లేపారు. 'పాలమూరు లేబర్' అన్న మాట దేశం నలుమూలలా పనికి మారుపేరైంది. భాష రాని చోట దిగి, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో, అంగడి ఎటుందో, ఎవరిని నమ్మవచ్చో నాలుగు రోజుల్లో పసిగట్టి, పిల్లాపాపలతో సంసారం నెగ్గుకొచ్చినవాళ్లు వాళ్లు. పరాయి ఊరిని ఆకళింపు చేసుకునే నేర్పు వాళ్లలో చాలామందికి మనకన్నా ఎక్కువ ఉంది. అయితే అప్పటి ప్రయాణాలన్నీ పొట్టకూటి కోసం. తలెత్తి గోపురాన్ని చూసే తీరిక ఆ కూలికి లేదు. మీరు ఇవ్వబోతున్నది ఆ తీరికే. నేర్పు వాళ్ల దగ్గర ముందు నుంచే ఉంది.

తిరుగుడు ఒక్కటే కాదు, ఈ నేల మీద బతికినవాళ్లకు పట్టుబడిన విద్యలు మరికొన్ని ఉన్నాయి. గద్వాల చీరనే చూడండి. ఒళ్లంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. రెండు వేర్వేరు స్వభావాల దారాలను మగ్గం మీదే, పేక పోగును పేక పోగుతో మెలివేసి కలుపుతారు. ఆ కలయిక దగ్గర పట్టు తప్పితే చీర నిలవదు. మగ్గం ఉన్న ఇంట్లో పెరిగిన తల్లి ఏ దేశపు బట్టను ముట్టుకున్నా ముందు అంచునే చూస్తుంది. వనపర్తి వైపు వెళితే సంస్థానం కాలంలో తవ్విన సప్తసముద్రాలనే చెరువులు ఉన్నాయి. శ్రీరంగాపురంలో రంగనాథస్వామి గుడి పక్కనున్న రంగసముద్రం వాటిలో ఒకటి. తూము ఎక్కడ పెట్టాలో, అలుగు ఎంత ఎత్తుండాలో, కట్ట ఎక్కడ తెగుతుందో చెప్పగల రైతులు ఆ చెరువుల కింద పుట్టి పెరిగారు. ఇక కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల పెద్దల అనుభవం మరొకటి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వచ్చినప్పుడు కృష్ణ ఒడ్డున పల్లెలు మునిగిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, తెచ్చి అలంపూరులో మళ్లీ నిలబెట్టారు. ఒక ఊరు పోవడం ఎలా ఉంటుందో, పోయిన గుడి మరోచోట లేచి నిలబడితే మొక్కడానికి మనసు ఎంతకాలం తీసుకుంటుందో ఆ తరానికి తెలుసు. బట్ట, నీరు, కట్టడం. ప్రపంచంలో ఏ పాత నగరం కథ చెప్పాలన్నా ఈ మూడూ లేకుండా కుదరదు. ఈ మూడింటి గురించీ మన ఇంటి పెద్దలకు పుస్తకాల్లో దొరకని తెలివిడి ఉంది.

రెండు వందల ఏళ్ల నాటి తల్లీకొడుకుల ప్రయాణం

కన్నతల్లిని వెంటబెట్టుకుని దూరపు చారిత్రక నగరానికి బయల్దేరడం తెలుగువాళ్లకు పాత అలవాటే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న తల్లినీ భార్యనూ వెంటబెట్టుకుని, సుమారు వంద మంది పరివారంతో కాశీకి బయల్దేరాడు. తిరిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారిలో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి రాసి పంపిన విశేషాలే తర్వాత 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయ్యాయి. కర్నూలు దాటి, కృష్ణ దాటి, వనపర్తి మీదుగా హైదరాబాదు చేరిన దారి అది. అంటే ఆ తల్లి పల్లకి మన జిల్లాల నేల మీదుగానే సాగింది. ఆనాటికి అది ఈస్టిండియా కుంపిణీ ఏలుబడి దాటి నిజాం ఏలుబడిలోకి అడుగుపెట్టడం. దొర వేరు, నాణెం వేరు, సుంకాల పద్ధతి వేరు. పాస్‌పోర్టు అన్న కాగితం ఒక్కటే లేదు గాని, పరాయి రాజ్యంలోకి పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు ఉండే బెంగలన్నీ అప్పుడూ ఉన్నాయి.

ఆ పుస్తకం నుంచి మనం నేర్చుకోవలసిన పాఠాలు రెండు. మొదటిది ఏర్పాట్ల గురించి. వీరాస్వామయ్య ప్రతి మజిలీ దగ్గరా రాసుకున్న సంగతులు చూస్తే, ఊరి గొప్పలకన్నా ముందు నీటి వసతి ఉందా, దిగడానికి చోటుందా, సరుకులు దొరికే అంగళ్లు ఉన్నాయా అన్నవి కనిపిస్తాయి. బోయీలు మోయగలిగిన దూరం, వంట చేసుకుని తిని పడుకోగలిగిన చోటు, ఇవే ఆ ప్రయాణపు కొలతలు. శరీరానికి ఏం కావాలో ముందు చూసుకుని, దానికి తగ్గట్టు దారి గీసుకున్నాడు. పదిహేను నెలలు వంద మందిని నడిపించి తిరిగి ఇంటికి చేర్చింది ఆ శ్రద్ధే. రెండో పాఠం ఆ పుస్తకంలో లేని దాని నుంచి వస్తుంది. పుస్తకం నిండా వినిపించేది కొడుకు గొంతు. కాశీ ఘట్టాల మీద నిలబడి ఆ తల్లి ఏమనుకుంది, గంగను చూసి ఏ నది గుర్తుకు తెచ్చుకుంది, తన ఊరితో పోల్చి దేన్ని మెచ్చి దేన్ని మెచ్చలేదు, ఇవి మనకు చేరలేదు. రెండు శతాబ్దాల కిందటి కొడుకును అందుకు తప్పు పట్టలేం. కానీ ఆ ఖాళీ ఎంత విలువైనదో ఇవాళ మనకు తెలుస్తోంది. ఆయన దగ్గర ఏర్పాట్ల శ్రద్ధ నేర్చుకోవాలి. ఆయన పుస్తకంలో వినిపించని గొంతుకు మన ప్రయాణంలో చోటివ్వాలి.

ఊరిని ఎంచుకునే పద్ధతి: ఖాట్మండు ఉదాహరణ

ఈ సూత్రం ఆచరణలో ఎలా ఉంటుందో ఒక నగరం మీద పెట్టి చూద్దాం. పాలమూరు పెద్దలకు తొలి విదేశీ ప్రయాణంగా నేపాల్‌లోని ఖాట్మండు లోయ చాలా అనువైనది. ఖాట్మండు, పాటన్, భక్తపూర్ అనే మూడు పాత రాజధానులు ఒకే లోయలో, కారులో వెళ్లి వచ్చే దూరంలో ఉన్నాయి. ఈ మూడు రాజప్రాంగణాలూ, పశుపతినాథ్, స్వయంభూ, బౌద్ధనాథ్ స్తూపం, చాంగు నారాయణ్ ఆలయం కలిపి ఏడు చోట్లను యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. భారతీయులకు వీసా అక్కర్లేదు. లోయ ఎత్తు సుమారు 1,400 మీటర్లే కాబట్టి కొండ ఎత్తుల్లో ఊపిరాడని బాధ ఉండదు. తిండి పప్పూ అన్నమూ కూరా. వీటన్నిటికన్నా పెద్ద కారణం మరొకటుంది: ఆ లోయలో కనిపించే వాటిలో సగానికి మన పెద్దలు ఒక పోలిక చెప్పగలరు.

పాటన్ రాజప్రాంగణంలో కృష్ణమందిరం ఉంది. సిద్ధి నరసింహ మల్ల అనే రాజు 1637లో ప్రతిష్ఠించిన రాతి ఆలయం. చుట్టూ ఇటుకా కలపా కలిపి కట్టిన అంతస్తుల గుళ్ల మధ్య ఇది రాతి శిఖరంతో నిలబడి ఉంటుంది. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలను చిన్నప్పటి నుంచి చూసినవాళ్లకు ఆ శిఖరం కొత్తగా తోచదు. బాదామి చాళుక్యులు ఏడో శతాబ్దంలో తుంగభద్ర ఒడ్డున కట్టిన నాగర శిఖరాలకు ఇది దూరపు చుట్టం. గుడి మొదటి అంతస్తు దూలాల మీద భారత కథ, రెండో అంతస్తు మీద రామాయణ కథ చెక్కి ఉంటాయి. ఇక్కడ మీరు గైడు పుస్తకం తెరవకండి. ఏ బొమ్మ ఏ ఘట్టమో అమ్మను చెప్పనివ్వండి. హరికథలూ యక్షగానాలూ చూస్తూ పెరిగిన తరం ఆ రాళ్లను మనకన్నా వేగంగా పోల్చుకుంటుంది. ఆ పక్కనే మంగ హితి అనే మెట్ల నీటిగుంట ఉంది. ఆరో శతాబ్దం నుంచి రాతి మొసలి నోళ్ల గుండా నీళ్లు పడుతున్న చోటు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, పొంగితే ఎటు పోతాయి, ఇన్నేళ్లు పూడిక తీసినదెవరు అన్న ప్రశ్నలు రంగసముద్రం కింద సాగు చేసిన నాయినకు తోస్తాయి. మీకు తోచవు. ఆ ప్రశ్నలే చరిత్రకారులూ అడుగుతారు.

భక్తపూర్‌లో భూపతీంద్ర మల్ల 1702లో కట్టించిన న్యాతపోల అయిదంతస్తుల ఆలయం. 1934లో వచ్చిన భూకంపాన్నీ 2015లో వచ్చిన దాన్నీ తట్టుకుని నిలబడింది. దాదాపు అదే కాలంలో ఇటు కృష్ణా తుంగభద్రల మధ్య సంస్థానాధీశుడు సోమనాద్రి గద్వాల కోటను స్థిరపరుస్తున్నాడు. ఆ కోటలో చెన్నకేశవుడి గుడి ఉంది, కళాశాల నడిచింది. పండితులను పోషించి గద్వాల 'విద్వద్గద్వాల' అనిపించుకుంది. ఒకే కాలంలో రెండు చిన్న రాజ్యాలు తమ చేతిలో ఉన్న సొమ్మును దేని మీద పెట్టాయి, దేన్ని దేవుడికిచ్చాయి, దేన్ని కోటగోడకిచ్చాయి అన్న చర్చ తండ్రీకూతుళ్లు న్యాతపోల అరుగు మీద కూర్చుని చేసుకోవచ్చు. అదే ఊళ్లో స్థానిక నేవార్ స్త్రీలు కట్టే నల్లని నూలు చీర ఒకటి ఉంటుంది. హాకు పటాసి అంటారు. నల్లటి ఒళ్లు, ఎర్రటి అంచు. మగ్గం ఎరిగిన తల్లికి ఆ అంచు చేత్తో పట్టి చూసే అవకాశం దొరికిందంటే, ఆ పూట మరో గుడి చూడకపోయినా లోటు లేదు.

ఖాట్మండు రాజప్రాంగణం దగ్గర కాష్ఠమండపం ఉంది. నగరానికి ఆ పేరు వచ్చింది ఈ కలప మండపం నుంచే. 2015 ఏప్రిల్ 25న వచ్చిన భూకంపంలో అది నేలమట్టమైంది. స్థానికులూ పనివాళ్లూ పాత పద్ధతిలోనే దాన్ని మళ్లీ లేపారు, 2022 నాటికి అది మళ్లీ నిలబడింది. 'మళ్లీ కట్టినది పాతదే అవుతుందా' అని వాస్తు పండితులు వాదించుకునే ప్రశ్నకు, కూడవెల్లి గుడిని కళ్ల ముందు తరలించగా చూసిన మనిషి దగ్గర ఒక జవాబుంటుంది. ఆ జవాబు వినడానికి ఆ మండపం ముందున్న మెట్లకన్నా మంచి చోటు దొరకదు.

ఇదంతా హిందూ కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని చెప్పిన ఉదాహరణ. సూత్రం అందరిదీ. గద్వాలలోనో కొల్లాపూర్‌లోనో పెరిగిన ముస్లిం తల్లికి ఇస్తాంబుల్ అలాంటి ఊరు కావచ్చు. వాస్తుశిల్పి సినాన్ కట్టిన సులేమానియే మసీదు ప్రాంగణంలో ఏ అరుగు దేనికో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చర్చి ఆరాధనలో పెరిగిన తండ్రికి జెరూసలేం, రోమ్ అలాంటివి. జీవితమంతా రాయి కొట్టిన మేస్త్రికి కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్ గోడల మీద క్షీరసాగర మథనం చెక్కిన రాళ్లు, వాటి అతుకులు, ఒక పాఠశాల. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ ఊళ్లో మా వాళ్లు దేన్ని చూసి "ఇది నాకు తెలుసు" అంటారు? దానికి మూడు జవాబులు దొరికిన ఊరే మీ ఊరు.

ఎదురయ్యే వాదనలు

ఇక్కడ కొన్ని న్యాయమైన అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది: "నేపాల్ కూడా ఒక విదేశమేనా? చుట్టాలకు చెప్పుకోవడానికన్నా దుబాయో సింగపూరో కావాలి." చుట్టాలకు చెప్పుకునే ఆనందాన్ని తక్కువ చేయనక్కర్లేదు. జీవితంలో ఎక్కువ భాగం నలుగురి నోట చిన్నబుచ్చుకున్నవాళ్లకు అదీ ఒక తృప్తే. కానీ చెప్పుకోవడానికి చేతిలో విషయం ఉండాలి. అంత ఎత్తు మేడ, అంత పెద్ద అంగడి అన్నాక మరి మాట సాగదు. కృష్ణమందిరం మీద చూసిన సభాపర్వం గురించి, మొసలి నోటి నీళ్ల గురించి చెప్పే తల్లి అరుగు మీద గంటసేపు మాట్లాడగలదు. పైగా తొలి ప్రయాణం కొత్తదనంతో ఉక్కిరిబిక్కిరి చేయకూడదు. విమానం కొత్త, పడక కొత్త, నాణెం కొత్త. తిండీ దేవుడూ కూడా ఒకేసారి కొత్తవైతే మనిషి కుంచించుకుపోతాడు. కొన్ని తెలిసినవి ఉంటేనే తెలియనివి చూసే ధైర్యం వస్తుంది. దుబాయ్ రెండో ప్రయాణానికి ఎక్కడికీ పోదు.

రెండోది: "ఇంత డబ్బు పెట్టి మళ్లీ వెళతామో లేదో, అన్నీ చూడాల్సిందే." ఈ వాదనలో బాధ ఉంది, లెక్క మాత్రం తప్పు. అరవై అయిదేళ్ల మనిషి రోజుకు అయిదు చోట్లు తిరిగితే అయిదింటినీ చూసినట్టు కాదు. మొదటి రెండింటిని చూసి, మిగతా మూడింటి దగ్గర కూర్చోవడానికి చోటు వెతుక్కున్నట్టు. పొద్దున ఒక చోటు, మధ్యాహ్నం భోజనం, నిద్ర, సాయంత్రం మరో చిన్న నడక, ఇంతే ఒక రోజుకు చాలు. అయిదు రోజుల్లో ఆ లెక్కన అయిదు పెద్ద చోట్లు నిండుగా చూడవచ్చు. వదిలేసిన వాటి కోసం బాధపడకండి. వీరాస్వామయ్య పరివారం కూడా దారిలో ఉన్న ప్రతి గుడీ ఎక్కలేదు.

మూడోది, ఎక్కువ ఇళ్లలో ఎదురయ్యేది: "ఎక్కడికి వెళ్దామంటే 'నీ ఇష్టం బిడ్డా' అంటారు. ఏది అడిగినా 'నాకెందుకు, డబ్బు దండగ' అంటారు. వాళ్ల ఇష్టం ఎలా తెలుసుకోవడం?" తమ ఇష్టం చెప్పుకునే అలవాటు లేని తరానికి పెద్ద ప్రశ్న వేస్తే చిన్న జవాబే వస్తుంది. ప్రశ్న చిన్నదిగా ఉండాలి. ఎక్కడికి వెళ్దామని అడగకండి. రెండు ఊళ్ల ఫొటోలు ముందు పెట్టి, ఈ రెంటిలో దేని దగ్గర ఎక్కువసేపు ఆగాలనిపిస్తోందో అడగండి. పొద్దున్నే గుడికి వెళ్దామా, సాయంత్రం హారతికా అని అడగండి. 'డబ్బు దండగ' అన్న మాటలో నిజంగా ఇష్టం లేకపోవడం ఉందా, పిల్లల మీద భారం పడుతుందన్న జంకు ఉందా అన్నది వేరు చేసి చూడాలి. మొత్తం ఖర్చు, అది ఎక్కడి నుంచి వస్తోందో కాగితం మీద రాసి చూపిస్తే జంకు తగ్గుతుంది. అంతా చూపించాక కూడా వద్దంటే, ఆ మాటను గౌరవించడమే ప్రేమ. బలవంతాన తీసుకెళ్లిన తల్లి మీ కోసం ఓర్చుకుంటుంది, ఊరిని చూడదు. భర్త పోయిన తల్లుల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. సరదాగా బయటికి వెళితే నలుగురూ ఏమంటారో అన్న భయం వాళ్ల 'వద్దు' వెనక ఉండవచ్చు. అక్కడ పిల్లలు గట్టిగా, బహిరంగంగా ఆమె పక్షాన నిలబడాలి.

నాలుగోది అందరికన్నా పదునైన అభ్యంతరం: "పెద్దలు చెప్పేదంతా నిజమవుతుందా? నేపాల్ గుడిని అలంపూర్ కళ్లతో చూస్తే దాని ప్రత్యేకత పోదా?" పోయే ప్రమాదం ఉంది. పోలిక ఊరిని తెరవనూ గలదు, మూసేయనూ గలదు. "మన దగ్గరా ఇట్లాంటిదే ఉంది" అన్న మాట దగ్గర ఆగిపోతే మూసేసినట్టు. "మరి ఇక్కడ ఇలా ఎందుకు చేశారు?" అన్న ప్రశ్నతో దాన్ని పొడిగించడం మీ పని. పాటన్ పాత రాజమందిరంలోనే మంచి మ్యూజియం ఉంది. చాంగు నారాయణ్ దగ్గర మానదేవుడు క్రీ.శ. 464లో వేయించిన శాసనం ఉంది. అమ్మ ఊహ తప్పని అక్కడి పలక చెబితే, ఆమెకు చదివి వినిపించండి. తప్పిన ఊహ మీద జరిగే మాటామంతీ మనసులో బాగా నాటుకుంటుంది. పెద్దపీట వేయడమంటే అన్నిటికీ తలూపడమని అర్థం కాదు. తోటి మనిషిగా వాదించడం కూడా గౌరవమే.

ఏర్పాట్లు: మీరు మోయవలసిన భారం

దారి బాధ్యత మీదన్నాం కాబట్టి అందులో ఏ చిన్న పనీ పెద్దల నెత్తిన పడకూడదు. ముందు కాగితాలు. నేపాల్‌కు విమానంలో వెళ్లే భారతీయులకు పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు గాని ఉండాలి. ఆధార్ ఉంది కదా అని బయల్దేరవద్దు. వీలైతే పాస్‌పోర్టే తీయించండి, రెండో ప్రయాణానికీ పనికొస్తుంది. మీకు దగ్గర్లో ఉన్న పాస్‌పోర్టు సేవా కేంద్రం ఏదో ముందే చూసుకోండి. మన పెద్దల కాగితాల్లో రెండు తిప్పలు తప్పవు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటుంది. పుట్టిన తేదీ ఒక్కో కార్డులో ఒక్కో రకంగా ఉంటుంది. టికెట్టు కొనడానికి చాలా ముందే వీటిని సరిచేయించండి. టికెట్టు మీద పేరు, వెంట తీసుకెళ్లే గుర్తింపు కాగితం మీద పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి.

తర్వాత ఒంటి సంగతి. బయల్దేరే ముందు వైద్యుడిని కలిసి, ప్రయాణానికి ఒళ్లు అనుకూలమేనా అని అడగండి. బీపీ, షుగర్ మందులు ఉండే రోజులకన్నా వారం ఎక్కువ తీసుకోండి, చీటీతో సహా చేతిసంచిలో పెట్టండి. సామాను పెట్టెలో వేయవద్దు. ప్రయాణ బీమా తీసుకోండి. మార్చి, ఏప్రిల్ లేదా అక్టోబరు, నవంబరు నెలలు మంచివి. పాలమూరు ఎండలకు అలవాటైన ఒంటికి ఖాట్మండు డిసెంబరు ఉదయాలు కష్టం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. శివరాత్రి రోజుల్లో పశుపతినాథ్ దగ్గర తొక్కిసలాడే జనం ఉంటారు, ఆ తిథి వదిలేయండి. ఆ ఆలయం పక్కనే బాగమతి ఒడ్డున దహనాలు జరుగుతుంటాయి. ఈ మధ్యే ఆత్మీయులను పోగొట్టుకున్నవాళ్లకు ముందే చెప్పి, చూడాలో వద్దో వాళ్లనే తేల్చుకోనివ్వండి. స్వయంభూకు తూర్పు వైపు 365 మెట్లున్నాయి, వెనక వైపు నుంచి వాహనం పైదాకా వెళుతుంది. ఇలాంటి వివరం ప్రతి చోటుకీ ముందుగా తెలుసుకోవడమే మోకాళ్లకు మీరు చేసే సేవ. ప్రతి రెండు గంటలకు మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందో కూడా చూసి పెట్టుకోండి. అడగడానికి మొహమాటపడి చాలామంది తల్లులు బయట నీళ్లు తాగడం మానేస్తారు.

డబ్బు విషయంలో ఒక పని తప్పక చేయండి. 1993 నుంచి 100 భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయల లెక్క స్థిరంగా ఉంది. మన పెద్ద నోట్లు అక్కడ తీసుకోవడంపై నిబంధనలు మారుతూ వచ్చాయి కాబట్టి బయల్దేరే ముందు చూసుకోండి. అక్కడికి చేరాక అమ్మ చేతిలో, నాయిన జేబులో కొంత నేపాలీ సొమ్ము పెట్టండి, దేనికి ఖర్చు చేశారో అడగకండి. హుండీలో వేసినా, మట్టి మూకుడులో అమ్మే భక్తపూర్ పెరుగు కొనుక్కున్నా, మనవరాలికి గాజులు తీసినా అది వాళ్ల ప్రయాణం అయింది. ఖాట్మండు అంగళ్లలో హిందీ చాలామందికి అర్థమవుతుంది. ముంబైలోనో హైదరాబాదులోనో పట్టుబడిన హిందీతో బేరం వాళ్లే ఆడగలరు. మీరు మధ్యలో దూరి మాట్లాడకండి. హోటల్ పేరు, మీ ఫోన్ నంబరు రాసిన కాగితం మాత్రం ఇద్దరి దగ్గరా ఉండాలి.

ముందుగా అలంపూరులో ఒక రోజు

ఇన్ని చెప్పుకున్నాక ఈ అధ్యాయం మిమ్మల్ని కోరే మొదటి పని టికెట్టు కొనడం కాదు. ఈ నెలలోనే ఒక ఆదివారం అమ్మతోనో నాయినతోనో అలంపూరు వెళ్లండి. హైదరాబాదు కర్నూలు రహదారి నుంచి చౌరస్తా దగ్గర తిరిగితే కొద్ది దూరమే. నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ గుడి, తరలివచ్చిన సంగమేశ్వరం, మ్యూజియం, దర్గా అన్నీ అక్కడే ఉన్నాయి. ఆ రోజంతా మీరు గమనించవలసినవి ఇవి: ఆగకుండా ఎంతసేపు నడవగలిగారు, ఏ వేళకు ఆకలి వేసింది, ఎన్నింటికి కునుకు పట్టింది, దేని ముందు తమంతట తామే నిలబడిపోయారు, దేని గురించి అడగకుండానే చెప్పడం మొదలుపెట్టారు. మొదటి మూడు సంగతులు మీ విదేశీ ప్రయాణానికి రోజువారీ పట్టిక ఇస్తాయి. చివరి రెండూ ఏ ఊరికి వెళ్లాలో చెబుతాయి. ఆ రోజు మీరు ఎంత తక్కువ వివరించి, ఎంత ఎక్కువ అడిగారో కూడా లెక్క చూసుకోండి. ఒక్క రోజు వెనక నడవడం చేతకాని పిల్లలు పరాయి దేశంలోనూ ముందే నడుస్తారు. అలంపూరులో అది అలవాటు చేసుకున్నవాళ్లు పాస్‌పోర్టు దరఖాస్తు నింపవచ్చు.